నాపరాతి లోయల్లో నడక

2024 నవంబర్ 10, హుస్సేనీ ఆలం

దారి ఖాయమైంది. బెలుం గుహల దగ్గర మొదలుపెట్టి అవుకు, బనగానపల్లె, యాగంటి మీదుగా బేతంచెర్ల చేరాలి. బేతంచెర్ల దగ్గరున్న బిల్లసుర్గం గుహల్లో ముగించాలి. సుమారు 80 కిలోమీటర్లు. మధ్యలో బస్సు, ఆటో ఏదీ ఎక్కకూడదు. ఎవరైనా జాలిపడి బండి ఆపినా దండం పెట్టి ముందుకు సాగాలి. నియమం అదొక్కటే. నంద్యాలలో ఉన్న చెల్లెలు తనూ వస్తానంది. వాళ్లబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, వాడూ సిద్ధం.

ఏళ్ల తరబడి పిల్లలకు భూగోళం చెప్పాను. కర్నూలు రాళ్ల వరుసను బోర్డు మీద కింది నుంచి పైకి రాసేదాన్ని: బనగానపల్లె ఇసుకరాయి, నార్జి సున్నపురాయి, అవుకు పలకరాయి, పాణ్యం ఇసుకరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి. అన్నీ ఊళ్ల పేర్లే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చు వేసింది 1872లో. ఇక్కడి ఊళ్ల పేర్లు రాళ్లకు ఎక్కడం ఆ రోజుల్లోనే మొదలైంది. రాయికి ఊరి పేరు పెట్టాలంటే ఎవరో ఒకరు ఆ ఊరి పొలిమేరలో తిరిగి ఉండాలి, సుత్తితో కొట్టి చూసి ఉండాలి. నేను మాత్రం ఆ వరుసను సుద్దముక్కతో దాటాను. ఇప్పుడు కాళ్లతో దాటాలని ఉంది.

పక్కింటి ఆపాకు చెప్పాను. ఆవిడ అర్బయీన్ సంతాప యాత్రలో నజఫ్ నుంచి కర్బలా దాకా నడిచి వచ్చిన మనిషి. అదీ దాదాపు 80 కిలోమీటర్లే. దారి పొడవునా స్తంభాలకు నంబర్లు ఉంటాయట, 1452 దాకా. ఎవరు ఎక్కడున్నారో ఆ నంబర్లే చెబుతాయి. అడుగడుక్కీ గుడారాలు, చాయ్, అన్నం, పడుకోను చాప, కాళ్లు పట్టేవాళ్లు. ఎవరూ పైసా తీసుకోరు. నా నియమం విని ఒకే మాట అంది: "పైదల్ బోలే తో పైదల్‌ఇచ్." నడకంటే నడకే. ఇంతకన్నా నాకు వేరే ఆశీర్వాదం అక్కర్లేదు.

2024 నవంబర్ 24

తెల్లవారుజామున బయల్దేరి గోల్కొండ దాకా నడిచి వచ్చాను. హుస్సేనీ ఆలం నుంచి పురానాపూల్ దాటి కార్వాన్ మీదుగా. పాత నగరానికి, కోటకు మధ్య అసలు దారి ఇదే. వంతెన కట్టింది 1578లో, చార్మినార్‌కి 13 ఏళ్ల ముందు. మూసీ వాసన ముక్కు మూసుకునేలా ఉన్నా ఆ కమానుల మీద నడుస్తుంటే గుండె నిండుతుంది. ఏనుగులు, ఒంటెలు, వజ్రాల వర్తకులు నడిచిన వంతెన మీద ఇప్పుడు కూరగాయల గంపలు.

కార్వాన్‌లో తోలీ మసీదు ముందు కాసేపు కూర్చున్నాను. ఒకప్పుడు ఇక్కడ వజ్రాల వ్యాపారం జరిగేది. బనగానపల్లె రాతి వరుస అడుగున గులకరాళ్లు అతుక్కుపోయిన పొర ఒకటుంది. వజ్రాల కోసం జనం ఆ పొరనే తవ్వేవారు. బనగానపల్లె దగ్గర మునిమడుగు గనుల పేరు పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. నేను నడవబోయే కొండలకూ, నేను కూర్చున్న ఈ అరుగుకూ లెక్కలు చాలా పాతవి.

తిరుగు దారిలో చార్మినార్ కింద ఆగాను. నల్లరాయి, సున్నం, మీద గచ్చు పని. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి, ఇసుక కలిపి గానుగలో నూరితే వచ్చే డంగు సున్నమే ఈ పట్నాన్ని నిలబెట్టింది. మా వీధిలోని పాత గోడల్లో ఇప్పటికీ అదే ఉంది. కొత్తగా సిమెంటు పూసిన చోట గోడ చెమ్మ పట్టి పెచ్చులూడుతుంది. సున్నం పూత ఉన్న చోట ఊపిరి తీసుకుంటుంది. మా వసారాలో పరిచినవి షాబాదు బండలు. అవి భీమా లోయవి, కర్నూలు నాపరాయికి దాయాదులు.

పొద్దున ఖిచ్డీ, ఖట్టా తిన్నాను. పాదాలు బాగానే ఉన్నాయి.

2024 డిసెంబర్ 15

సంక్రాంతి అయ్యాక వెళ్లాలి. అప్పటికి శనగ చేలు పచ్చగా ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. మార్చి వచ్చిందంటే ఆ నేల మీద మధ్యాహ్నం అడుగు పెట్టలేం. చెల్లెలు నంద్యాల ట్యాంకు గట్టు మీద నడక సాధన చేస్తోందట. సంచిలోకి: గొడుగు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కొబ్బరినూనె, దూది, వేరుశనగ పొడి, మందపాటి మేజోళ్లు, సుత్తి. సుత్తి ఎందుకని మా మరదలు అడిగింది. రాతి దగ్గరికి ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తాం?

2025 జనవరి 17, బెలుం

మధ్యాహ్నం గుహల్లోకి దిగాం. పైన చూస్తే మామూలు చేను. చేను మధ్యలో నేల కుంగిన గొయ్యి, గొయ్యిలో మెట్లు, మెట్ల కింద ఇంకో లోకం. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పగుళ్ల వెంట నీరు పోయిన చోటల్లా రాయి దారి ఇచ్చింది. గోడల మీద నీటి సుడుల నునుపు ఇంకా ఉంది. ఆ నునుపు మీద చెయ్యి పెట్టి నడిచాను, నది తోలును నిమిరినట్టే అనిపించింది.

గుహ పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా జనం చూడొచ్చు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. వందేళ్ల దాకా ఎవరూ లోపలి దాకా కొలవలేదు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ గుహాన్వేషకులు వచ్చి పటం గీశారు. రాష్ట్ర పర్యాటక సంస్థ దీపాలు పెట్టి, దారి వేసి 2002లో తెరిచింది. కోటిలింగాలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ అన్నీ చూశాం. పాతాళగంగ దగ్గర అందరికన్నా ఎక్కువ సేపు నిలబడ్డాను. నేల మట్టం నుంచి 46 మీటర్ల లోతున చిన్న ధార రాతిలోకి జారి మాయమవుతుంది. ఎక్కడ తేలుతుందో కంటికి తెలియదు. రేపటి నుంచి మేం దాని పైకప్పు మీద నడుస్తాం.

లోపల ఉక్క. చొక్కా పిండితే నీళ్లు కారాయి, చెల్లెలి కొడుకు కళ్లద్దాలు తుడిచి తుడిచి విసిగిపోయాడు. బయటికొస్తే గుట్ట మీద బుద్ధుడి పెద్ద విగ్రహం, చల్లగాలి. రేపు చీకటితోనే బయల్దేరాలి.

2025 జనవరి 18, అవుకు

చేరాం. పాదాలు ఉప్పునీళ్లలో పెట్టి రాస్తున్నాను.

దారి వెంట ఈ రాయి లేనిది ఎక్కడ? చేనుకు కంచె నాపబండలే: పలకల్ని నిలువునా పాతి వరుసగా పేర్చారు. ఇంటి గోడ అదే, కప్పు అదే, గొడ్ల తొట్టి అదే, అరుగూ అదే. ఒక ఊళ్లో పెళ్లి పందిరికి కూడా బండలనే గుంజలుగా నిలిపారు. ఈ సీమకు కొయ్య తక్కువ, మట్టి గోడ వానకు నిలవదు. రాయేమో పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఇంకేం కావాలి?

నాపరాళ్ల గని ఒకటి దారి పక్కనే కనిపిస్తే దిగాం. ఒక పెద్దాయన బండ అంచున కూర్చొని ఉలితో గీత వెంబడి చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. తొందర లేదు. గీత చివరికొచ్చాక గడ్డపార మొన దూర్చి ఒత్తాడు. మనిషి పొడవు పలక పగుళ్లేం లేకుండా పైకి లేచింది.

"యాడికి పోతాండారమ్మా?"

"అవుకుకు నాయనా."

"నడిచేనా? ఏం మొక్కు?"

మొక్కు కాదు, రాళ్లు చూడ్డానికి అన్నాను. ఆయన పని ఆపి నా ముఖం చూశాడు. పలక అంచు చూపించి, ఈ సన్న గీతల్లో ఏది లేస్తుందో ఏది విరుగుతుందో చెప్పాడు. చప్పుడును బట్టి తెలుస్తుందట. సుత్తి తగిలితే గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా మోగితే లోపల పగులు. బోర్డు మీద నేను ఎన్నడూ చెప్పని పాఠం ఇది. ఒక్కో గీత ఒక్కో కాలపు బురద. చేపలు కూడా పుట్టని రోజుల్లో ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నది. ఆ బురద పొర మీద ఈ పెద్దాయన బతుకు గడిచింది. ఆయన మోకాళ్లు ముడుచుకోవు. రోజు కూలి ఎత్తిన పలకల లెక్కన. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాళ్లు ఇద్దరే కనిపించారు.

మధ్యాహ్నం ఒక మోటారు సైకిలు, తర్వాత ఒక ట్రాక్టరు ఆగాయి. "ఎక్కండమ్మా, దింపుతా." రెండు సార్లూ దండం పెట్టాం. ట్రాక్టరు అబ్బాయి నొచ్చుకున్నాడు. "మొక్కు తీరితే మాకు ప్రసాదం పంపండి" అని వెళ్లిపోయాడు. నడిచేవాళ్లను చూస్తే ఈ సీమ మనసులో మెదిలేది ఒక్కటే కారణం. శివరాత్రికి ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం నడిచే వేల మందిని చూసిన కళ్లు కదా. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లూ నడిచే వస్తారు. వాళ్లకు అడవిలో దారి తెరుస్తారు, నీళ్లు పెడతారు, అన్నదానాలు చేస్తారు. నడకను గౌరవించడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేల కోసం నడవడమే మనకింకా అలవాటు కాలేదు.

2025 జనవరి 19, బనగానపల్లె

కష్టమైన రోజు. కొండ వెనకబడి నల్లరేగడి మొదలైంది. ఎటు చూసినా శనగ. నీడ లేదు. పదకొండింటికే తారురోడ్డు అరికాళ్లను కాల్చింది. నా ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. చెల్లెలు దూది పెట్టి కట్టు కట్టింది, మాట్లాడకుండా. మాట్లాడితే ఇద్దరిలో ఎవరో ఒకరు బస్సు మాట ఎత్తుతామని ఇద్దరికీ తెలుసు.

పొద్దున అవుకు జలాశయం కట్ట మీద నడిచాం. గాలేరు నగరి కాలువ నీళ్లు ఈ కొండల్లోంచి సొరంగంలో వస్తాయి. ఆ సొరంగం తవ్వేటప్పుడు ఫాల్ట్ జోన్ తగిలింది. రాయి ఉండాల్సిన చోట వదులు మట్టి కూలి పడుతుంటే పనులు ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. చివరికి పక్క నుంచి మళ్లింపు సొరంగాలు తవ్వాల్సి వచ్చింది. రాతి పటం చదవడం పరీక్ష రాసే పిల్లలకే అని అనుకునేవాళ్లను అవుకు కట్ట మీద నిలబెట్టాలి.

మధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకున్నాం. పక్క చేలో ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "దారిన పోయేటోళ్లకు నీళ్లిచ్చి దుడ్లు తీసుకుంటారా తల్లీ?" ఆపా చెప్పిన కర్బలా దారి గుర్తొచ్చింది.

ఊరు దగ్గర పడుతుంటే మామిడి తోటలు, కొత్త పూత వాసన. బేనిషాన్ ఇక్కడిదే, 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసే దాకా ఇది నవాబుల సంస్థానం. వాళ్ల బంగళాను ఇప్పుడు అందరూ అరుంధతి బంగళా అంటారు, ఆ సినిమా తీసింది అక్కడేనని. చూడ్డానికి వెళ్లే ఓపిక లేదు. పడుకుంటున్నాను.

2025 జనవరి 20, యాగంటి

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే.

తెల్లవారకముందే బయల్దేరి జుర్రేరు వాగు వెంట పడమరకు నడిచాం. ఇరుపక్కలా బల్లపరుపు కొండలు. నెత్తిన గట్టి పాణ్యం రాయి, నడుమున పలకరాయి, కింద సున్నపురాయి. నెత్తి మీది రాయి వానకు లొంగదు. నడుము రాయి లొంగుతుంది. అందుకే కొండ పైభాగం నిట్టనిలువు గోడ, కింది భాగం వాలు. చెల్లెలి కొడుక్కి వేలితో చూపిస్తుంటే వాడే చెప్పడం మొదలుపెట్టాడు: "పెద్దమ్మా, అయితే ఆ గోడ విరిగి పడిన రాళ్లేనా ఇవి?" అవును నాయనా, అవే.

యాగంటి దారి వదిలి జ్వాలాపురం వెళ్లాం. ఊరి పొలాల్లో తెల్లటి బూడిద పొర ఉంది. చేతిలోకి తీసుకుంటే పిండిలా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే సన్నగా గరగరమంటుంది. అది గాజు పొడి. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద సముద్రం దాటి వచ్చి ఈ లోయలో పడింది. వాన దాన్ని కొట్టుకొచ్చి పల్లంలో పేర్చింది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కు చెందిన రవి కొరిశెట్టర్, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి చూశారు. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. పైనా దొరికాయి. రెండిటి తీరులో పోలికలు ఉన్నాయి. 2007లో ఈ సంగతి 'సైన్స్' పత్రికలో అచ్చయింది. అంత పెద్ద ఉత్పాతం తర్వాత మనిషి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. జ్వాలాపురం పొలాలు ఇంకో మాట చెప్పాయి: ఇక్కడివాళ్లు నిలదొక్కుకున్నారు.

నేను ఆ పొర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. కింద ఒక గోరంత రాతి పెచ్చు కనిపించింది. పనిముట్టో కాదో తెలుసుకోవాలని చెయ్యి చాచలేదు. ఉన్న చోటనే ఉండాలి, వెలికి తీస్తే దాని వయసు పోతుంది. పిల్లవాడికీ అదే చెప్పాను. సుత్తి సంచిలోంచి తీయలేదు.

బాధ కలిగిన సంగతి ఒకటి. ఈ బూడిదను పొడుల తయారీ కోసం తవ్వి అమ్ముకున్నారు. గిన్నెలు తోముకునే పొడిగా పోయిందంటే గుండె కలుక్కుమంటుంది. తవ్వినవాళ్లను ఏమనగలం? వాళ్లకు అది తెల్లమన్ను. అదేమిటో ఊరి నడిబొడ్డున ఒక పలక మీద తెలుగులో రాసి ఎవరైనా నిలబెట్టి ఉంటే సంగతి వేరేగా ఉండేది. ప్రపంచంలోని పాఠ్యపుస్తకాల్లో ఈ ఊరి పేరు ఉంది. ఊళ్లో దారి చూపించిన కుర్రాడికి ఆ సంగతి మేమే చెప్పాం.

సాయంత్రానికి యాగంటి. మలుపు తిరగ్గానే ఎదురుగా కొండ గోడ, గోడ ఒళ్లో ఉమామహేశ్వరుడి గుడి. విజయనగర కాలపు పని. కోనేట్లో నంది నోటి నుంచి చల్లటి ధార ఎండా వానా లేకుండా పడుతుంది. కొండ తాగిన వాన ఇలా తిరిగి వస్తుంది. బొబ్బ మీద ఆ నీళ్లు పడగానే ప్రాణం లేచొచ్చింది. అగస్త్యుడి గుహ, వెంకటేశ్వరుడి గుహ, వీరబ్రహ్మంగారి గుహ మెట్లెక్కి చూశాం. బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ఈ సీమ నమ్మకం. నంది ఏటేటా పెరుగుతోందనీ, కలియుగం చివర లేచి రంకె వేస్తుందనీ అంటారు. ఇక్కడ కాకి వాలదని పూజారిగారు చెప్పారు. చీకటి పడే దాకా కూర్చున్నా ఒక్కటీ కనిపించలేదు.

గుహ ఉన్న చోటల్లా మనవాళ్లు ఒక మునినీ, ఒక దేవుణ్నీ, ఒక కథనూ ఉంచారు. గుడి ఉన్న కొండను గని ముట్టుకోదు. ఇది మన పూర్వులు చేసిన మేలు.

2025 జనవరి 21, బేతంచెర్ల

కొండదారిన ఎక్కి దిగాం. కాపరి ఒకాయన సగం దూరం తోడొచ్చాడు. మేకల బాట తప్ప దారి లేని చోట ముళ్లకంప చీర పట్టి లాగింది. పైనుంచి చూస్తే దక్షిణాన నడిచి వచ్చిన లోయ, ఉత్తరాన తెల్లటి గుట్టలు. ఆ తెల్లవి కొండలు కావు, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన రాతి పొడి దిబ్బలు. దగ్గరికొచ్చాక చెట్ల ఆకులు కూడా తెల్లగా కనిపించాయి.

బేతంచెర్ల బండ పేరు తెలియని ఇల్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో తక్కువ. ఊరి బతుకంతా దాని మీదే. రంపాలు రోజంతా అరుస్తూనే ఉంటాయి. ఇది ఆగిపోవాలని నేను అనను. ఆపితే మొన్నటి పెద్దాయన పొయ్యి ఆరుతుంది. ఏ కొండ తవ్వచ్చు, ఏది తవ్వకూడదు అన్న హద్దు మాత్రం కావాలి. పొడి పోయడానికి వాగు కాక వేరే చోటు కావాలి. పని చేసేవాళ్ల ముక్కుకు మంచి గుడ్డయినా కావాలి.

కాళ్లు బండలైపోయాయి. నియమం నిలిచింది.

2025 జనవరి 22, బేతంచెర్ల స్టేషను

డోన్ వెళ్లే రైలు కోసం కూర్చొని రాస్తున్నాను.

పొద్దున బిల్లసుర్గం. కొండ చీలికలోకి దిగితే పైకప్పు కూలిపోయిన పెద్ద గుహల వరుస, ఎత్తైన కమాను గోడలు, తేనెపట్లు, పావురాలు. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో వీటి గురించి రాశాడు. జీవశాస్త్రవేత్త హక్స్‌లీ సూచన మేరకు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ చెప్పగా 1884లో ఫుట్ తవ్వకం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు లెఫ్టినెంట్ హెన్రీ ఫుట్ కొనసాగించాడు. సున్నపు మన్ను ఎముకను దాచిపెడుతుంది, కుళ్లనివ్వదు. బస్తాల కొద్దీ ఎముకలు దొరికాయి. పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ వాటిని పరిశీలించి ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. కర్నూల్లో ఖడ్గమృగం! పాఠంలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నిటారుగా కూర్చునేవారు.

2014లో ఇంకో పరిశోధన అచ్చయింది. ఈ గుహల పొరల్లో రెండు లక్షల ఏళ్ల ఎముకల లెక్క తీస్తే, గుర్తించిన 21 రకాల జంతువుల్లో ఒకటి తప్ప అన్నీ ఈ ఉపఖండంలో ఎక్కడో ఒక చోట ఇంకా బతికే ఉన్నాయట. టోబా బూడిద పడ్డా, వానలు ముఖం చాటేసినా అవి నిలిచాయి. ఎక్కడికక్కడ అడవి, గడ్డి, నీరు అతుకులు అతుకులుగా మిగలడం వల్లే అలా తట్టుకున్నాయని ఆ పండితుల మాట. మనం ఇప్పుడు చెరిపేస్తున్నది సరిగ్గా ఆ అతుకుల్నే.

ఫుట్ ఇక్కడ తవ్విన కొద్ది ఏళ్లకే, 1887లో, ఇంగ్లండులోని సున్నపురాతి సీమ యార్క్‌షైర్‌లో గిగుల్స్‌విక్ బడి ఉపాధ్యాయులు ఇద్దరు మూడు కొండలను ఒకే రోజున నడిచి చుట్టేశారు. ఇప్పుడు ఏటా వేల మంది ఆ 24 మైళ్లనూ 12 గంటల్లో పూర్తి చెయ్యాలని వస్తారు. వాళ్లకు దారి గుర్తులు, పటాలు ఉన్నాయి, నడిచేవాళ్ల సంఘాలు ఉన్నాయి. ఆ నడక వల్లే ఊళ్లలో టీ కొట్లు నడుస్తాయి. మొదలుపెట్టింది ఇద్దరు బడిపంతుళ్లు. ఇది మాకు చేతకాని పని కాదు.

రైలొస్తోంది.

2025 ఫిబ్రవరి 2, హుస్సేనీ ఆలం

మడమ మానింది. ఆపా వచ్చి పూర్తిగా వినేదాకా కదల్లేదు. జ్వాలాపురం బూడిద దగ్గర మళ్లీ మళ్లీ ఆపి చెప్పించుకుంది. చివర్లో ఒక్క ప్రశ్న వేసింది: దారిలో నంబర్లు ఉన్నాయా? లేవన్నాను. పెట్టించు అంది.

ఈ రోజు కూర్చొని ఉత్తరం రాశాను. బెలుం నుంచి బిల్లసుర్గం దాకా దారంతా నంద్యాల జిల్లాలోనే ఉంది. కాబట్టి రాయాల్సిన కలెక్టరు ఒక్కరే. కావలసినవి పెద్దవేం కావు. కిలోమీటరుకొక నాపబండ పాతి నంబరు చెక్కించాలి. రాయికీ, చెక్కే చేతికీ అక్కడ కరువు లేదు. ఏ ఊరి పేరు ఏ రాతికి పెట్టారో ఆ ఊరి పొలిమేరలో తెలుగులో ఒక పలక ఉండాలి. జ్వాలాపురం బూడిద పొరలో మిగిలినది ఇక కదలకుండా కాపలా ఉండాలి. బిల్లసుర్గం చుట్టూ గని రాకుండా హద్దు గీయాలి. అవుకు, బనగానపల్లె మధ్య రోడ్డు పక్కన వేపచెట్లు నాటి, చలివేంద్రాలు పెడితే చాలు. దారి చూపే పని ఆ ఊళ్ల కుర్రాళ్లకివ్వాలి. గనిలో మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు రాయి గురించి చెప్పే పని ఇవ్వాలి. వాళ్లకన్నా బాగా చెప్పేవాళ్లు లేరు.

ఉత్తరం నకళ్లు నా పాత విద్యార్థినులకు పంపాను. వాళ్లలో భూగోళం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు రాసింది ఇక్కడా రాసుకుంటున్నాను: మీ పిల్లల్ని బస్సులో బెలుం తీసుకెళ్లి ఫొటో తీయించి వెనక్కి తేవద్దు. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ఒక్క రోజు కేటాయించండి. బనగానపల్లె నుంచి యాగంటి దాకా నడిపించండి, అది చిన్న పిల్లలూ నడవగలిగిన దూరం. నీళ్లు, టోపీలు ఉండాలి. రాళ్ల పేర్లు నడుస్తూ చెప్పండి. ఏ రాయినీ ఇంటికి తెచ్చుకోనివ్వకండి. ఎవరైనా ఏం మొక్కు అని అడిగితే, మా జిల్లాను చూస్తున్నాం అని పిల్లలే జవాబు చెప్పాలి.